ఉక్కు కవచం వేసుకున్నోడి మీదికి రైఫిల్ వస్తే లెక్క ఎలా?

మీరు ఆడే టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ గేమ్‌లో (పాచికలు వేస్తూ పాత్రల్లా ఆడే కథల ఆట) ఉక్కు కవచం తొడిగిన యోధుడు ఏదో మాయద్వారం దాటి మన కాలంలో పడ్డాడనుకోండి, ఎదురుగా రైఫిల్ పట్టుకున్న సైనికుడు. ఇప్పుడేం చేస్తారు?

ముందు మీ రూల్స్ కవచాన్ని ఎలా లెక్కేస్తాయో చూడండి. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్‌లో ప్లేట్ ఆర్మర్ (ఉక్కు పలకల కవచం) అంటే ఏసీ 18, అంటే దెబ్బ తగలాలంటే ఎదుటివాడి రోల్ అందుకోవాల్సిన అంకె. బాణమైనా మస్కెట్ (పాతకాలపు పొడవాటి తుపాకీ) అయినా ఆ 18 అందుకోవాల్సిందే, తేడా అంతా డ్యామేజ్ డైస్‌లోనే, అంటే దెబ్బ ఎంతో తేల్చే పాచికల్లోనే. పాత్‌ఫైండర్ అనే ఇంకో గేమ్ మొదటి ఎడిషన్‌లో తొలినాటి తుపాకులకు దగ్గర దూరంలో కవచం లెక్కలోకే రాదు. నాకైతే ఇది మరీ అతి అనిపిస్తుంది.

నేను వాడేది గర్ప్స్ అనే గేమ్ రూల్స్. అందులో కవచానికి డీఆర్ (డ్యామేజ్ రెసిస్టెన్స్, దెబ్బని తట్టుకునే అంకె) ఉంటుంది, తగిలిన డ్యామేజ్‌లోంచి దాన్ని తీసేయడమే. మధ్యయుగపు స్టీల్ కార్స్‌లెట్‌కి (మొండేన్ని కప్పే ఉక్కు కవచం) డీఆర్ 6. మామూలు బలమున్నోడు బ్రాడ్‌స్వోర్డ్‌తో వేటు వేస్తే ఒక డై (ఆరు ముఖాల పాచిక) ప్లస్ 1, ఎంత బాగా పడినా 7, అంటే లోపలికి దిగేది ఒక్క పాయింటు. అదే 9 ఎంఎం పిస్టల్ సగటున 9 కొడుతుంది, 3 దిగుతాయి. 5.56 రైఫిల్‌కి ఐదు డైస్, సగటు 17.5, పదకొండు దాకా దిగిపోతాయి, మనోడికి ఉన్నవే 10 హిట్ పాయింట్లయితే (ఎంత దెబ్బ తట్టుకోగలడో చెప్పే పాయింట్లు) స్పృహలో ఉండటానికే రోల్ వేసుకోవాలి. చూశారా, కవచం మారలేదు, ఎదుటి ఆయుధం మారింది. అందుకే డీఆర్ అంకె ఒక్కటే చూసి కవచం గట్టిదో కాదో చెప్పకండి, పక్కన ఆ కాలపు ఆయుధం డ్యామేజ్ కూడా రాసుకోండి.

తుపాకులు రాగానే కవచాలు మాయమైపోలేదు కూడా. ఛాతీ పలకను మందంగా చేసి, మీద తుపాకీ పేల్చి పరీక్షించి, ఆ సొట్టనే నాణ్యతకి గుర్తుగా చూపేవాళ్లు. బరువు పెరిగేసరికి కాళ్ల కవచాలు వదిలేశారు. కాబట్టి మస్కెట్ల కాలానికి ఛాతీకి ఎక్కువ డీఆర్ ఇచ్చి, కాళ్లకి సున్నా పెట్టి, బరువు పెంచండి.

బుల్లెట్‌ప్రూఫ్ చొక్కాల్లో వాడే కెవ్లార్ నేత దగ్గర నేనే బోల్తా పడ్డాను. అన్నిటికీ ఒకే డీఆర్ ఇచ్చేశాను, కత్తి పట్టుకొచ్చిన రౌడీ నాలుగు రౌండ్లు గీరుతూనే ఉన్నాడు, టేబులంతా ఒకటే నవ్వు. నిజానికి మామూలు కెవ్లార్ నేత పిస్టల్ గుండుని ఆపుతుంది గానీ కత్తిమొన పోగుల మధ్యలోంచి దూరిపోగలదు. దానికి రెండు అంకెలు పెట్టుకోండి, గుండ్లకొకటి, మిగతావాటికి తక్కువది. రైఫిల్ గుండుని ఆపాలంటే మాత్రం సెరామిక్ ప్లేట్ విడిగా కొనుక్కోమనండి.