ఎస్‌వీఎన్ సర్వర్ మార్చాక యూయూఐడీ కలవట్లేదా? నాకు పనిచేసిన పద్ధతి

పాత సబ్‌వెర్షన్ (ఎస్‌వీఎన్, ఫైళ్లలో మార్పుల చరిత్రను దాచే సాఫ్ట్‌వేర్) రిపాజిటరీని, అంటే ఆ ఫైళ్లు, చరిత్ర ఉండే నిల్వను, డంప్ (మొత్తం ఒక ఫైల్‌గా) తీసి కొత్త సర్వర్లో లోడ్ చేశాం. బ్రౌజర్లో అన్నీ కనిపిస్తున్నాయి, కానీ పాత వర్కింగ్ కాపీలో (మన కంప్యూటర్లో పనిచేసుకునే కాపీ) రీలొకేట్ (దాన్ని కొత్త సర్వర్ అడ్రస్‌కు మార్చే కమాండ్) కొడితే రిపాజిటరీ యూయూఐడీ (రిపాజిటరీని గుర్తించే ప్రత్యేక ఐడీ) వేరే ఉందని ఆగిపోయేది. క్లీనప్, అడ్రస్ మార్చి మళ్లీ రీలొకేట్, క్లయింట్ రీఇన్‌స్టాల్: ఏదీ పనికిరాలేదు. కొత్తగా చెకౌట్ చేస్తే (సర్వర్ నుంచి తాజా కాపీ తెచ్చుకుంటే) వచ్చేది గానీ, మావాళ్ల దగ్గర కమిట్ కాని (ఇంకా సర్వర్‌కు పంపని) మార్పులు చాలా ఉన్నాయి. అవి పోతే వారాల పని పోయినట్టే.

అసలు కారణం, లోడ్ చేసేటప్పుడు ఇగ్నోర్ యూయూఐడీ ఆప్షన్ పెట్టడం. దాంతో కొత్త రిపాజిటరీ తన సొంత ఐడీతోనే ఉండిపోయింది.

ముందు కొత్త రిపాజిటరీకి బ్యాకప్ తీశాను. పాత వర్కింగ్ కాపీలో 'ఎస్‌వీఎన్ ఇన్ఫో' కొట్టి పాత ఐడీ రాసుకున్నాను. సర్వర్లో 'ఎస్‌వీఎన్‌లుక్ యూయూఐడీ' కొట్టి చూస్తే నిజంగానే వేరేది. అప్పుడు 'ఎస్‌వీఎన్‌అడ్మిన్ సెట్‌యూయూఐడీ', ఆ పక్కన రిపాజిటరీ పాత్, ఆ తర్వాత పాత ఐడీ. మొదటిసారి ఐడీ సరైన రూపంలో లేదని ఎర్రర్ వచ్చింది. కాపీలో చివరి అక్షరం జారిపోయింది. హైఫన్లతో కలిపి సరిగ్గా 36 అక్షరాలు ఉండాలి, లెక్కపెట్టుకోండి. తర్వాత అపాచీ (మా రిపాజిటరీని అందించే వెబ్ సర్వర్) రీస్టార్ట్ చేసి రీలొకేట్ కొడితే వెళ్లిపోయింది.

సెట్‌యూయూఐడీ సబ్‌వెర్షన్ 1.5 వెర్షన్ నుంచే ఉంది. అందరికీ ఇదే సరిపోతుందని చెప్పలేను. పాత, కొత్త రిపాజిటరీల్లో రివిజన్ నంబర్లు (ప్రతి కమిట్‌కూ వచ్చే వరుస సంఖ్యలు), చరిత్ర అచ్చంగా ఒకటే అయితేనే చేయండి. లోడ్‌కు ముందే కొత్తదాంట్లో ఒక్క కమిట్ పడినా నంబర్లు జరిగిపోతాయి. అప్పుడు మార్పులను ప్యాచ్‌గా (మార్పులు మాత్రమే ఉండే ఫైల్‌గా) తీసుకుని కొత్త చెకౌట్‌లో వేసుకోవడమే మంచిది.