పడవ డెక్ (పైతలం) బోల్టుల దగ్గర నీళ్లు కారకుండా

పాత సెయిల్‌బోట్ బాగుచేసి క్లీట్లు (తాళ్లు కట్టే కొక్కేలు), లైఫ్‌లైన్ స్టాంచన్లు (డెక్ అంచున రక్షణ తీగల్ని పట్టే నిలువు కడ్డీలు) బిగించాక వానొస్తే బోల్టు పక్కనుంచి చుక్కచుక్కగా లోపలికి కారుతుంది కదా, సిలికాన్ ఎంత పూసినా ఏడాదికే మళ్లీ అదే గోల. ఇప్పుడు నేను 6 ఎంఎం బోల్టుకి ముందు 12 ఎంఎం రంధ్రం వేసి, కింద టేప్ అంటించి, ఫిల్లర్ పొడి కలిపి చిక్కబరిచిన ఎపాక్సీ (రాయిలా గట్టిపడే జిగురు) నింపేసి, 24 గంటలాగి మధ్యలో 6 ఎంఎం డ్రిల్ చేస్తున్నా, ఎప్పుడైనా నీళ్లు దిగినా డెక్ లోపలి పొరగా ఉండే ప్లైవుడ్‌కి తగలవు. రంధ్రం పై అంచుని కౌంటర్‌సింక్ బిట్‌తో గరాటులా కాస్త గీకి, బోల్టు తల కింద బ్యూటైల్ టేప్ (సాగే జిగట రబ్బరు టేపు) వత్తిలా చుట్టండి. బిగించేటప్పుడు పైన ఒకరు స్క్రూడ్రైవర్‌తో బోల్టు కదలకుండా పట్టుకోవాలి, కిందున్నవాళ్లు నట్టు మాత్రమే తిప్పాలి, బోల్టు తిరిగితే సీల్ చిరిగిపోతుంది. నట్టు కింద పెద్ద వాషరో ప్లేటో తప్పనిసరి. డ్రిల్ బిట్‌కి నల్లటి తడిపొట్టు వస్తే మాత్రం ఆపేయండి, చెక్క కుళ్లినట్టే, అక్కడ ఎపాక్సీ పట్టదు.