తాతే సందాక్ అయితే మీరేం చేయాలి

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్లను చూసుకునే పనికి నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి కొత్తగా వచ్చిన తమ్ముళ్లకు ఈ మాట. వీసా, ఏజెన్సీ సంగతులు ఎవరో ఒకరు చెప్తారు. మీరు చూసుకునే తాతకు మునిమనవడు పుడితే ఏం చేయాలో మాత్రం ఎవరూ చెప్పరు. నా మొదటి నెలల్లో నాకూ ఎవరూ చెప్పలేదు.

యూదులు మగబిడ్డకు ఎనిమిదో రోజు సున్తీ చేస్తారు, దాన్నే బ్రిత్ అంటారు. పుట్టిన రోజూ లెక్కలోకే వస్తుంది. సోమవారం పగలు పుడితే మళ్లీ సోమవారమే, చీకటి పడ్డాక పుడితే మంగళవారం. బిడ్డకు కామెర్లుంటే వాయిదా. అందుకే ఆ వారం సెలవు ఖాయం చేసుకోకండి. పేరేమిటని ముందే అడగకండి, ఆరోజే ప్రకటిస్తారు.

బిడ్డను ఒడిలో పెట్టుకునేవాడు సందాక్. అన్నిటికన్నా పెద్ద మర్యాద అదే, తరచుగా తాతకో ముత్తాతకో దక్కుతుంది. తల్లి దగ్గర్నుంచి బిడ్డను తెచ్చే జంట క్వాటర్. పిల్లల కోసం ఎదురుచూసే దంపతులకు అది ఇవ్వడం ఆనవాయితీ. ఎలియాహూ ప్రవక్త పేరిట వేసిన కుర్చీలో బిడ్డను కాసేపు ఉంచి, అక్కణ్నుంచి ఒడిలోకి అందిస్తారు. ఏ చేయి ఎవరిదో ఇంట్లో ముందే తేలిపోయి ఉంటుంది. మధ్యలో మీరు దూరకండి. మొన్న ఒక కుర్రాడు తాత చేయి వణికిందని బిడ్డను పట్టుకోవడానికి ఉరికాడు. సున్తీ చేసే మోహెల్ చేతిలో కత్తి ఉంది నాయనా!

సందాక్ బిడ్డ కాళ్లు కదలకుండా పట్టుకోవాలి. వణుకు సంగతి ముందురోజే ఆయన కొడుక్కో కూతురికో చెప్పండి. పక్కన ఇంకొకరిని కూర్చోబెడతారు, లేదా సున్తీ అయ్యాక దీవెనలప్పుడు బిడ్డను పట్టుకునే మర్యాద ఆయనకిస్తారు. మీరు గట్టి కుర్చీ చూడండి. పాదాల కింద పీట వేస్తే మోకాళ్లు ఎత్తుగా ఉండి ఒడిలో బిడ్డ కింద పెట్టే దిండు జారదు. బాత్రూంకి ముందే తీసుకెళ్లండి. అందరూ లేచి నిలబడినా సందాక్ కూర్చునే ఉంటాడు, అలవాటుకొద్దీ ఆయన్ని లేపేరు సుమా.

ఇంత చెప్పానని హడలిపోకండి, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. నెత్తిన కిప్పా (వాళ్ల చిన్న టోపీ) పెట్టుకుని, అందరూ "మజల్ తోవ్" (శుభాకాంక్షలు) అన్నప్పుడు మీరూ అనండి. తర్వాత విందు, మీకూ ప్లేటు ఉంటుంది. ఇంట్లో చేసిన లడ్డూలు మాత్రం పట్టుకెళ్లకండి, వాళ్లకు కోషెర్ (యూదుల ఆహార నియమాలు) పట్టింపు.