రచయిత ఎందుకు రాశాడో తెలియాలంటే ముందు క్రియను పట్టుకోండి

మా అక్క కూతురు తొమ్మిదో తరగతి. తెలుగు పరీక్షలో 'రచయిత ఉద్దేశం ఏమిటి?' అని వస్తే చాలు, పాఠం ఏదైనా సరే 'సమాజానికి మంచి చెప్పడానికి' అని రాసేసి వస్తుంది. మార్కులు కూడా పడుతున్నాయి, అదీ మన ఖర్మ.

ఉద్దేశం కోసం వేరే ఎక్కడికో వెళ్లక్కర్లేదు, వాక్యంలోనే దొరుకుతుంది. తెలుగులో క్రియ మామూలుగా చివరన ఉంటుంది కాబట్టి ముందు అక్కడికి వెళ్లి 'ఎవరు?' అని అడగండి, వచ్చేది కర్త. 'దేన్ని, ఎవరిని?' అంటే కర్మ. 'మా ఊరు పాలకొల్లు' లాంటి వాక్యంలో క్రియే కనిపించదు, టెన్షన్ పడకండి, మన భాషలో అది మామూలే.

ఇప్పుడు లిఫ్టు పక్కన అంటించిన కాగితం ఒకటి చూద్దాం. 'రేపు నీటి సరఫరా నిలిపివేయబడును.' ఎవరు నిలిపేస్తారు? తెలీదు. 'బడు' చేరగానే చేసేవాడు మెల్లగా తప్పుకున్నాడు. అదే 'రేపు ట్యాంకు కడుగుతున్నాం, ఈ రాత్రికే నీళ్లు పట్టుకోండి' అని రాస్తే 'మేము', 'మీరు' అనే మాటలు లేకపోయినా క్రియల చివర ఇద్దరూ ఉన్నారు. మొదటిది చెప్పామనిపించుకోవడానికి రాసింది, రెండోది మనం బిందెలు నింపుకోవాలని రాసింది. అలాగని 'బడు' కనిపించిన ప్రతిచోటా కుట్ర వెతక్కండి, కొందరికి అది ఆఫీసు భాష అలవాటు, అంతే.

నాకు ఇంకా ఇష్టమైనవి చివర్న అంటుకునే చిన్న ముక్కలు. 'ఆయన రాజీనామా చేశారు' అంటే సమాచారం. 'చేశారట' అంటే విన్నాను, పూచీ నాది కాదు. 'చేశారుగా' అంటే నీకూ తెలుసు కదా, ఒప్పుకో అని. ఒక్క అక్షరంతో రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఒక వ్యాసంలో 'కదా'లు ఎక్కువైతే నేను కాస్త జాగ్రత్త పడతాను, రుజువు చూపించకుండానే మన చేత తల ఊపించే పని జరుగుతోందేమోనని.

కొందరు రచయితలు ఎందుకు రాశారో వాళ్లే చెప్పేస్తారు. 1897లో 'కన్యాశుల్కం' అచ్చయినప్పుడు గురజాడ ఇంగ్లీషులో రాసుకున్న ముందుమాటలో ఆడపిల్లల్ని అమ్ముకునే ఆచారాన్ని ఎండగట్టాలని, జనానికి చదివే అలవాటు వచ్చేదాకా నాటకమే దిక్కని చెప్పాడు. అందుకే కాబోలు, పాత్రలు మనుషుల్లా మాట్లాడతాయి. కానీ ముందుమాట చివర్లో చదవండి. ముందే చదివితే సంఘసంస్కరణ తప్ప ఇంకేమీ కనబడదు, గిరీశం కోతలకు నవ్వడం కూడా మర్చిపోతాం.

పరీక్షలోనైతే మూడు ముక్కలు రాయమన్నాను మా పిల్లని: ఎవరి కోసం రాశాడు, వాళ్ల చేత ఏం చేయించాలని, ఏ మాట చూసి నువ్వలా అన్నావు. మూడోది రాయలేకపోతే మొదటి రెండూ కొట్టేయమన్నాను.