పాక్‌మ్యాన్ మలుపు దగ్గర తిరగకపోతే: శాన్వా జాయ్‌స్టిక్‌తో నా అనుభవం

పాత ఆర్కేడ్ గేముల కలెక్షన్‌లో గాలాగా బాగానే ఆడుతుంది. పాక్‌మ్యాన్, డిగ్ డగ్‌లలో మాత్రం మలుపు దగ్గర పైకి నొక్కినా బొమ్మ నేరుగా పోయి శత్రువుకు దొరుకుతుంది. డ్రైవర్, కేబుల్, టీవీ గేమ్ మోడ్ అన్నీ మార్చినా లాభం లేదు.

1980 నాటి అసలు పాక్‌మ్యాన్ మెషీన్‌కు ఉన్నది నాలుగు దిక్కుల స్టిక్. మన శాన్వా జేఎల్ఎఫ్ మోడల్ స్టిక్ ఎనిమిది దిక్కులది. స్టిక్ కదలికకు హద్దు పెట్టే చతురస్రపు చట్రం (గేటు) మూలలోకి లివర్ (స్టిక్ కర్ర) జారగానే రెండు స్విచ్‌లు కలిసి నొక్కుకుంటాయి, గేమ్ తికమకపడుతుంది.

ముందు యూఎస్‌బీ పీకి, జాయ్‌స్టిక్ పెట్టె అడుగు పలక స్క్రూలు విప్పండి. స్టిక్ కింద క్లిప్పులతో పట్టుకుని ఉన్న ప్లాస్టిక్ గేటు కనిపిస్తుంది. ఒక వైపు క్లిప్పులు వదులు చేసి మెల్లగా లేపాలి. స్విచ్‌ల బోర్డును పట్టుకుని ఉంచేది కూడా ఆ గేటే, కాబట్టి రెండో చేయి అడ్డం పెట్టండి. తొందరపడి క్లిప్పు విరగ్గొడితే కర్నూలులో విడిగా దొరకడం కష్టం, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిందే. గేటు లోపలి పలకను పైకి నొక్కి, 45 డిగ్రీలు తిప్పి, టక్కుమనే దాకా బిగించండి. ఇప్పుడు మూలలు సరిగ్గా పైకి, కిందికి, పక్కలకు వస్తాయి.

మూత వేసేముందే యూఎస్‌బీ మళ్లీ పెట్టి, విండోస్ గేమ్ కంట్రోలర్ టెస్ట్‌లో లివర్‌ను నెమ్మదిగా గుండ్రంగా తిప్పి చూడండి. ఐమూల గుర్తు దాదాపు రాకూడదు.

అన్ని చవక స్టిక్‌లకూ ఈ తిరిగే పలక ఉంటుందని కాదు. ఎనిమిది దిక్కులూ కావాల్సిన ‘1942’ లాంటి గేములు ఆడాలంటే మళ్లీ వెనక్కి తిప్పుకోవాలి.