మహావానరాల సంరక్షణ పరిశోధనకు గ్రాంట్లు: యువ శాస్త్రవేత్తలు దరఖాస్తు చేసుకునే విధానం

చింపాంజీలు, బోనోబోలు, గొరిల్లాలు, ఒరాంగుటాన్ల మీద ఫీల్డ్ వర్క్ చేయాలనుకునే కొత్త పరిశోధకులు చాలామంది ముందు డబ్బు సంగతి చూసి, తర్వాత అనుమతుల కోసం తిరుగుతారు. ఇది తిరగేసి చేయాల్సిన పని. గ్రాంట్ ఫారం నింపడానికి కొన్ని వారాలు చాలు, పర్మిట్‌కు మాత్రం నెలలు పట్టొచ్చు.

ఉగాండాలో పనిచేయాలంటే ఉగాండా వైల్డ్‌లైఫ్ అథారిటీతో పాటు జాతీయ సైన్స్ అండ్ టెక్నాలజీ కౌన్సిల్ అనుమతి కూడా కావాలి. టాంజానియాలో టావిరి (వన్యప్రాణి పరిశోధన సంస్థ), కాస్టెక్ (సైన్స్ అండ్ టెక్నాలజీ కమిషన్) అనే రెండు సంస్థలు చూస్తాయి. ఇండోనేషియాలో విదేశీ పరిశోధకులు జాతీయ పరిశోధన, ఆవిష్కరణల సంస్థ అయిన బ్రిన్‌కు దరఖాస్తు చేయాలి. అక్కడి విశ్వవిద్యాలయంలోనో పరిశోధన సంస్థలోనో ఒక భాగస్వామి తప్పనిసరిగా ఉండాలి. ఆయన రాసిచ్చిన అంగీకార పత్రాన్ని ప్రపోజల్‌కు జత చేయండి.

ఇక ఎవరికి పంపాలి? లీకీ ఫౌండేషన్ మానవ పరిణామానికి సంబంధించిన పరిశోధనకే ఇస్తుంది. పీహెచ్‌డీ విద్యార్థులైతే థీసిస్ తప్ప మిగతా దశలన్నీ పూర్తయి ఉండాలి. ట్యూషన్ ఫీజు, సొంత జీతం అడగకూడదు. రఫర్డ్ ఫౌండేషన్ చూపు వేరు: వర్ధమాన దేశాల్లో నేల మీద జరిగే సంరక్షణ పని కావాలి, డిగ్రీ కోసమే చేసే పరిశోధన అయితే అక్కడ నిలబడదు. ప్రైమేట్ కన్జర్వేషన్ ఇంక్ 5,000 డాలర్ల దాకా, మహమ్మద్ బిన్ జాయెద్ స్పీషీస్ కన్జర్వేషన్ ఫండ్ 25,000 డాలర్ల దాకా ఇస్తాయి. మొత్తాలు, గడువులు మారుతుంటాయి కాబట్టి పంపే ముందు ఆయా సంస్థల సైట్లలో సరిచూసుకోండి. ఒకే ప్రపోజల్‌ను పేరు మార్చి అందరికీ పంపితే రివ్యూయర్లు ఇట్టే పట్టేస్తారు.

ప్రపోజల్‌లో అసలు బలం ప్రశ్నలో ఉంటుంది. మొదటి పేజీ అంతా వానరాలు అంతరించిపోతున్నాయన్న ఆవేదనతో నింపకండి, చదివేవాళ్లకు ఆ విషయం మీకంటే బాగా తెలుసు. ఉదాహరణకు 2017లో వేరే జాతిగా గుర్తించిన తపనూలి ఒరాంగుటాన్లు ఉత్తర సుమత్రాలోని బాతాంగ్ తోరు అడవిలో 800 లోపే ఉన్నాయని అంచనా. ‘వాటి ప్రవర్తనను అధ్యయనం చేస్తాను’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘విడిపోయిన అడవి ముక్కల మధ్య ఏ దారిన దాటుతున్నాయి?’ అంటే, జవాబు దొరికాక ఏ చెట్ల పట్టీని కాపాడాలో అటవీ అధికారులకు తెలుస్తుంది.

పద్ధతి గురించి రాసేచోట కూడా అంతే జాగ్రత్త కావాలి. మహావానరాలు సాధారణంగా ప్రతి రాత్రీ కొత్త గూడు కట్టుకుంటాయి కాబట్టి గూళ్లు లెక్కపెట్టి సంఖ్యను అంచనా వేస్తారు. కానీ గూడు ఎన్నాళ్లకు శిథిలమవుతుందో తెలియకపోతే ఆ లెక్క తప్పుతుంది. వాన, చెట్టు జాతిని బట్టి ఆ వ్యవధి మారుతుంది. వేరే అడవిలో తేలిన అంకెను అరువు తెచ్చుకుంటే, ఎందుకు తెచ్చుకున్నారో రాయాలి.

శాంపిళ్లు దేశం దాటించాలంటే ఇంకో మెలిక ఉంది. మహావానరాలన్నీ వన్యజీవుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం సైటీస్ మొదటి అనుబంధంలో, అంటే అత్యంత కఠినమైన జాబితాలో ఉన్నాయి. రక్తం, వెంట్రుకలు పంపాలంటే ఎగుమతి, దిగుమతి పర్మిట్లు రెండూ కావాలి. జంతువును ముట్టుకోకుండా సేకరించిన పేడకు సైటీస్ వర్తించదు గానీ, ఆయా దేశాల అనుమతులు, ఆరోగ్య పత్రాలు తప్పవు.

ఆరోగ్య జాగ్రత్తలకు బడ్జెట్‌లో ప్రత్యేకంగా చోటివ్వండి. ఐవరీకోస్ట్‌లోని తాయ్ అడవిలో మనుషుల శ్వాసకోశ వైరస్‌లు సోకి చింపాంజీలు చనిపోయినట్టు పరిశోధనల్లో తేలింది. మాస్కులు, టీకాలు, అడవిలోకి వెళ్లే ముందు క్వారంటైన్, కనీసం 10 మీటర్ల దూరం, ఇవన్నీ ఎలా పాటిస్తారో చెప్పాలి. స్థానిక ట్రాకర్లకు కూడా అవే సదుపాయాలు లెక్కలో చూపించండి, వాళ్లే రోజూ అడవిలో ఉండేది.

మిగతావి మామూలే: సీవీ, పనుల టైమ్‌టేబుల్, రిఫరీల లేఖలు. లేఖలు ఆఖరి రోజున అడగకండి, రిఫరీలకు ప్రపోజల్ కాపీ కూడా ఇవ్వండి. గ్రాంట్ రాకపోతే రివ్యూయర్ల వ్యాఖ్యలు ఇస్తారేమో అడిగి, సరిదిద్దుకుని తర్వాతి విడతకు పంపొచ్చు. వస్తే గడువులోగా నివేదిక ఇవ్వాలి. సర్వే వివరాలను అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం ఐయూసీఎన్ నడిపే, మహావానరాల సర్వేలను భద్రపరిచే ఏప్స్ డేటాబేస్‌కు అందిస్తామని ప్రపోజల్‌లోనే రాసి ఉంచండి.