మార్పు అడిగింది సొంత మనిషైతే – 3వ పాఠం: అభ్యర్థనను వాక్యం వాక్యంగా విడదీయడం

వికీపీడియాలో ప్రతి వ్యాసం పేజీకీ దాని గురించి మాట్లాడుకునే చర్చ పేజీ ఒకటి ఉంటుంది. అక్కడ మార్పు అడిగేవాళ్లు "నేను ఆయన కూతురిని", "నేను ఆయన దగ్గర జీతానికి పనిచేస్తున్నాను" అని ముందే ఎందుకు చెప్పుకోవాలో గత పాఠంలో చూశాం. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఆ సంగతి బయటపెట్టి తీరాలని, వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల్లో 2014లోనే చేర్చారు. అలా చెప్పుకుని వచ్చినవాళ్లకు జవాబు ఎలా ఇవ్వాలన్నది ఈ పాఠం.

అభ్యాసం కోసం, ఒక కూతురు రాసినట్టుగా నేనే ఒక అభ్యర్థన రాశాను. ముందు దీన్ని చదవండి:

"నమస్కారం. ఈ పేజీలో ఉన్న రంగస్థల నటుడు మా నాన్నగారు. ఆయన పుట్టింది 1949లో కాదు, 1947లో. 'నటుడు' అని ఉన్నచోట 'సుప్రసిద్ధ నటుడు' అని మార్చగలరు. నంది నాటకోత్సవాల్లో వచ్చిన బహుమతి సంగతి రాయలేదు, ప్రశంసాపత్రం ఫొటో పంపగలను. కోర్టు కేసు పేరా తీసేయండి, అమ్మ చాలా బాధపడుతోంది."

ఇందులో నాలుగు కోరికలున్నాయి. అన్నిటికీ కలిపి సరే అనకండి, కుదరదనీ అనకండి. చివరిదానితో మొదలుపెట్టండి, ఎందుకంటే బతికున్న మనిషి పరువు దానిమీదే ఆధారపడి ఉంది.

ఆ పేరాకు మూలం, అంటే ఆ సంగతి ఎక్కడ వచ్చిందో చూపే ఆధారం, ఉందా? లేకపోతే చర్చ అక్కర్లేదు, వెంటనే తీసేయండి. అడిగింది కూతురా, పరాయివాళ్లా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. 2005లో అమెరికా పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్ పేజీలో, కెన్నెడీ హత్యతో ఆయనకు సంబంధం ఉందని అనుమానించారంటూ ఎవరో పచ్చి అబద్ధం రాశారు. అది దాదాపు నాలుగు నెలలు అలాగే ఉండిపోయింది. బతికున్నవాళ్ల పేజీల విషయంలో నియమాలు గట్టిపడటానికి ఆ సంఘటన ఒక పెద్ద కారణం.

మూలం ఉంటే తెరిచి చదవండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, కోర్టు కాగితం మాత్రమే చూపిస్తే చాలదు, నమ్మదగిన పత్రికలో వచ్చి ఉండాలి. ఆరోపణ దగ్గరే ఆగిపోయిన కేసు అయితే, అందులోనూ ఆయన అంతగా జనంలో ఉండే వ్యక్తి కాకపోతే, రాయకపోవడం వైపే మొగ్గండి. కేసు కొట్టేశారని తర్వాత వార్త వచ్చిందేమో వెతకండి. కేసు పెట్టారని రాసి, కొట్టేశారని రాయకపోతే ఆ కుటుంబానికి అన్యాయం చేసినట్టే. శిక్ష పడి, పత్రికలన్నీ రాసి ఉంటే మాత్రం పేరా ఉంటుంది. ఆ సంగతి ఆమెకు మెత్తగా, కానీ స్పష్టంగా చెప్పండి.

ఇక పుట్టిన సంవత్సరం. ఆ తరంవాళ్లకు బడిలో చేర్చినప్పుడు పంతులుగారు వేసిన తేదీ ఒకటి, ఇంట్లో జాతకంలో ఉన్నది ఇంకొకటి ఉండటం మన దగ్గర మామూలే. కూతురూ అబద్ధం చెప్పడం లేదు, 1949 అని రాసిన విలేకరీ అబద్ధం రాయలేదు. ఇలాంటి మామూలు వివరానికి ఆయనే ఇంటర్వ్యూలో చెప్పిన మాట పనికొస్తుంది. రెండు మంచి మూలాలు రెండు రకాలుగా చెబితే రెండూ ఇచ్చి, తేడాను గమనికలో పెట్టండి. ఆధార్, టెన్త్ సర్టిఫికెట్ మాత్రం అడగొద్దు. ఆమే చర్చ పేజీలో పెట్టేస్తే ఆ కూర్పును (చరిత్రలో మిగిలిపోయే పేజీ పాత రూపాన్ని) దాచమని వెంటనే నిర్వాహకులకు చెప్పండి.

"సుప్రసిద్ధ" కుదరదు. ఒక్క వాక్యంలో కారణం చెప్పి ముందుకెళ్లండి.

బహుమతి విషయంలో ఆమెకు సాయం చేయొచ్చు. ఇంట్లో ఫ్రేము కట్టి ఉన్న పత్రాన్ని పాఠకుడు సరిచూసుకోలేడు. మూలం ఆన్‌లైన్‌లోనే ఉండాలని లేదు కదా! పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు ఉంటే సరిపోతుంది. బీరువాలో ఆ రోజు పేపర్ కటింగ్ దాచి ఉంచారేమో అడగండి. కటింగుల్లో తరచూ తేదీ ఉన్న భాగం కత్తెరకు పోతుంది. వెనకవైపు ఏముందో చూడమనండి, అక్కడి వార్తనుబట్టి ఏ వారమో తెలుస్తుంది. అప్పుడు గ్రంథాలయంలో పాత సంచికలు తిరగేయడం తేలిక.

జవాబు ఇలా ఉండొచ్చు: "నమస్తే అండీ. మీరెవరో ముందే చెప్పినందుకు ధన్యవాదాలు. కేసు పేరాకు మూలం లేదు, తీసేశాను. సంవత్సరానికి నాన్నగారి ఇంటర్వ్యూ ఏదైనా ఉంటే చూపించండి, మారుస్తాను. బహుమతి వార్త వచ్చిన పేపర్ తేదీ దొరికితే అదీ చేరుస్తాను. 'సుప్రసిద్ధ' లాంటి పొగడ్త మాటలు ఏ పేజీలోనూ వాడం, మన్నించండి." మార్పును భద్రపరిచేటప్పుడు కారణం రాసే దిద్దుబాటు సారాంశంలో "సంబంధిత వ్యక్తి చర్చ పేజీలో అడిగారు, మూలం లేదు కాబట్టి తీసేశాను" అని రాయండి. మీ పేరు మీద చేసే మార్పుకు బాధ్యత మీదే.

ఇంగ్లీష్ వికీలో వీటికి "ఎడిట్ సీవోఐ" (సీవోఐ అంటే సొంత ప్రయోజనంతో ముడిపడ్డ సంబంధం) అనే మూస, అంటే పేజీలో పెట్టే తయారు పెట్టె, ఉంది, దాన్ని పెడితే అభ్యర్థన వరుసలో చేరుతుంది. తెలుగు వికీలో మనుషులు తక్కువ, చర్చ పేజీలో రాసింది ఎవరి కంటా పడకపోవచ్చు. వారం దాటితే రచ్చబండలో (తెలుగు వికీ సభ్యులంతా మాట్లాడుకునే పేజీలో) ఒక మాట వేయమని ఆమెకు చెప్పండి. నిజాయితీగా అడిగిన మనిషికి నెలల తరబడి జవాబు రాకపోతే, రేపు పేరు లేకుండా వచ్చి తనే మార్చేసుకుంటుంది. అప్పుడు తప్పు ఆమె ఒక్కదానిదే అనలేం.

ఇంటిపని: ఆమె ఇంకో వాక్యం రాసిందనుకోండి. "పేజీలో ఫొటో బాగాలేదు, స్టూడియోలో తీయించినది పంపుతున్నాను." దీనికి మూడు నాలుగు వాక్యాల్లో జవాబు రాసి ఉంచుకోండి. ఫొటో తీసిన స్టూడియోవాళ్ల హక్కు గురించి 4వ పాఠంలో చూస్తాం.